కర్నల్ బోర్డులో పేరు రాకపోతే ఏమైనట్టు?

అయ్యా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కదా. మీరు చిత్తూరులో ఉంటారు. అల్లుడు ఆర్మీలో లెఫ్టినెంట్ కర్నల్, ఇంజనీర్స్ విభాగం. కర్నల్ ర్యాంకుకు ఎవరిని ఎంపిక చెయ్యాలో తేల్చే కర్నల్ బోర్డు ఫలితం వచ్చింది. తోటివాళ్లలో కొందరి పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. అమ్మాయి ఫోన్లో సరిగ్గా మాట్లాడటం లేదు. "ఏదైనా తప్పు చేసి మా దగ్గర దాస్తున్నాడా? ఎంపీ గారితో ఒక లెటర్ పెట్టిస్తే పని జరుగుతుందా? కేసు వెయ్యాలా?" అని మూడు అడిగారు.

తప్పు చేశాడా అన్నదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఇంట్లో అందరినీ తొలిచేస్తున్నది అదే. క్రమశిక్షణ కేసో విజిలెన్స్ విచారణో నడుస్తున్న ఆఫీసరుకు "డీవీ బ్యాన్" అని ఒకటి పడుతుంది. అది ఉన్నంతకాలం ఫలితం బయటపెట్టరు, ఆపి ఉంచుతారు. మీ అల్లుడికి ఫలితం మామూలుగా వచ్చింది, "నాట్ ఎంప్యానెల్డ్", అంటే ఎంపిక జాబితాలో పేరు లేదు, అని వచ్చింది. అంటే కేసేదో నడుస్తోందన్న అనుమానానికి ఆధారం లేదు. ఉన్న కుర్చీలకు బ్యాచ్‌లో ఆయనకంటే కాస్త ముందున్నవాళ్లు సరిపోయారు, అంతవరకే. ఎంసెట్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లవాడికి కూడా కోరుకున్న కాలేజీలో సీటు రాదు చూడండి, ఇదీ ఆ లెక్కే.

ఆర్మీ ప్రమోషన్లు రెండు రకాలు. లెఫ్టినెంట్ కర్నల్ దాకా కాలాన్ని బట్టి వచ్చేవి. కమిషన్ (ఆఫీసరుగా నియామకం) వచ్చిన 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కర్నల్. మధ్యలో పార్ట్ బి, పార్ట్ డి అని రెండు పరీక్షలు ఉంటాయి. అవి పాసై, ఆరోగ్యం బాగుండి, క్రమశిక్షణలో తేడా రాకపోతే ర్యాంకు దానంతట అదే వస్తుంది. కార్గిల్ తర్వాత, యూనిట్ కమాండర్లు మరీ పెద్ద వయసువాళ్లు అవుతున్నారని వేసిన ఏ.వి. సింగ్ కమిటీ సిఫారసులతో 2004 డిసెంబరు నుంచి ఈ గడువులు అమలయ్యాయి. అంతకుముందు ఇంకా ఎక్కువ ఏళ్లు పట్టేది.

అసలు వడపోత కర్నల్ దగ్గర మొదలవుతుంది. లెఫ్టినెంట్ కర్నల్ నుంచి కర్నల్‌కు నంబర్ 3 సెలెక్షన్ బోర్డు, కర్నల్ నుంచి బ్రిగేడియర్‌కు నంబర్ 2, బ్రిగేడియర్ నుంచి మేజర్ జనరల్‌కు నంబర్ 1, ఆ పైన లెఫ్టినెంట్ జనరల్‌కు స్పెషల్ సెలెక్షన్ బోర్డు. మెట్టు మెట్టుకూ కుర్చీలు తగ్గిపోతాయి. అప్పటిదాకా ఇరవై మందీ ఒకే ర్యాంకులో, ఒకేసారి పైకి వచ్చిన బ్యాచ్ మొదటిసారి రెండుగా చీలేది నంబర్ 3 బోర్డులోనే. దెబ్బ గట్టిగా తగిలేది అందుకే. అప్పటికి సర్వీసు సుమారు 16 ఏళ్లు ఉంటుంది, పిల్లలు హైస్కూలుకు వచ్చి ఉంటారు.

బోర్డు అంటే ఇంటర్వ్యూ అనుకుంటారు చాలామంది. కాదు. ఆఫీసరు అక్కడికి వెళ్లడు. ఢిల్లీలో మిలిటరీ సెక్రటరీ బ్రాంచ్, వాడుకలో ఎంఎస్ బ్రాంచ్, ఒక్కొక్కరి సర్వీసును ఒక డేటా షీటుగా తయారుచేసి బోర్డు సభ్యుల ముందు పెడుతుంది. దాని మీద పేరు ఉండదు. ఒకే బ్యాచ్‌ని కలిపి, అందరికీ ఒకే కటాఫ్ తేదీ వరకున్న నివేదికలతో, ఒకరితో ఒకరిని పోల్చి చూస్తారు. 2009 నుంచి దీనికి మార్కుల పద్ధతి వచ్చింది. 100కి 95 మార్కులు కాగితం మీద ఉన్నవాటికే: వార్షిక రహస్య నివేదికలు, కోర్సుల్లో వచ్చిన గ్రేడింగులు, శౌర్య, సేవా పతకాలు. సభ్యుల విచక్షణకు మిగిలేది 5 మార్కులు. బోర్డు చేసేది సిఫారసు మాత్రమే. ర్యాంకును బట్టి ఆర్మీ చీఫో, కేంద్ర ప్రభుత్వమో ఆమోదించాక ఫలితం "డిక్లాసిఫై" అవుతుంది, అంటే బయటపెడతారు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఆ మాటే.

ఆ 95లో సింహభాగం రహస్య నివేదికలది. ఏసీఆర్ అంటారు, సీఆర్ అని కూడా అంటారు. కథంతా దీన్లోనే ఉంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

ఒక నివేదిక మామూలుగా ముగ్గురి చేతుల మీదుగా పోతుంది. మొదట రాసేవాడు ఇనీషియేటింగ్ ఆఫీసర్, ఐఓ. యూనిట్‌లో అయితే కమాండింగ్ ఆఫీసరు. ఆయన పైవాడు రివ్యూయింగ్ ఆఫీసర్, ఆ పైన సీనియర్ రివ్యూయింగ్ ఆఫీసర్. ఇంజనీర్స్, సిగ్నల్స్ వంటి విభాగాల్లో వీటితో పాటు టెక్నికల్ ఆఫీసర్ల నివేదిక కూడా కలుస్తుంది. నివేదికలో ధైర్యం, నమ్మకస్తత్వం లాంటి వ్యక్తిగత గుణాలకు వేరుగా, చేసి చూపించిన పనికి వేరుగా, పై ర్యాంకుకు పనికొస్తాడా అన్నదానికి వేరుగా అంకెలు వెయ్యాలి. చివర్లో మొత్తం మీద ఒక బాక్స్ గ్రేడింగ్, దాని కింద నాలుగు మాటల్లో మనిషి గురించి రాసే "పెన్ పిక్చర్".

అంకెలు 1 నుంచి 9 వరకు. 9 అంటే అవుట్‌స్టాండింగ్. 8, 7 అబవ్ యావరేజ్. 6, 5 హై యావరేజ్. 4 యావరేజ్. కాగితం మీద 7 చాలా మంచి అంకె. పోటీలో మాత్రం అది గుదిబండ. పక్కవాళ్లందరికీ 8లు, 9లు పడుతున్నప్పుడు ఒక 7 వచ్చిందంటే బ్యాచ్‌లో కిందికి జారిపోవడమే. మనిషి పనికిరాడని ఎవరూ రాయలేదు, "చాలా బాగా చేస్తాడు" అనే రాశారు. కానీ తేడా దశాంశాల్లో తేలే చోట ఆ ఒక్క అంకె నిలువునా ముంచుతుంది. కఠినంగా, నిజాయితీగా మార్కులు వేసే కమాండింగ్ ఆఫీసరు కింద పనిచేసినవాడికి, ధారాళంగా వేసేవాడి కింద పనిచేసినవాడికి మధ్య తేడా ఇక్కడే పడుతుంది. ఈ పద్ధతిలో నాకు మింగుడుపడని లోపం ఇదే, ఎందరు మంచి ఆఫీసర్లు దీనికి బలయ్యారో లెక్కలేదు.

ఐఓ రాసిన భాగం ఆఫీసరుకు చూపించి సంతకం తీసుకుంటారు. పై ఇద్దరు రాసింది చూపించరు. ప్రభుత్వ ఉద్యోగులకు నివేదికలో ప్రతి ఎంట్రీ తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ సైనికాధికారులకు అది వర్తించదని ఆ తీర్పులోనే ఉంది. అందువల్ల కింద 9 చూసి సంతోషంగా సంతకం పెట్టిన ఆఫీసరుకు పైన 7 పడినా తెలియదు. ఏళ్ల తర్వాత బోర్డులో పేరు రానప్పుడు గానీ అనుమానం రాదు. అల్లుడు గారు "అన్నీ బాగానే ఉన్నాయి మామయ్యా" అని మీకు చెప్పి ఉంటే అబద్ధం చెప్పలేదు, ఆయనకు కనిపించినవి నిజంగానే బాగుండి ఉంటాయి.

అన్ని నివేదికలకూ ఒకే బరువు లేదు. కంపెనీనో స్క్వాడ్రన్‌నో తన చేతి కింద నడిపిన కాలంలో వచ్చినవాటిని "క్రైటీరియన్ రిపోర్టులు" అంటారు. కర్నల్ బోర్డుకు వెన్నెముక అవే. ఆఫీసులో, ట్రైనింగ్ సెంటర్లో ఎంత మెరిసినా కమాండ్ రిపోర్టు బలహీనంగా ఉంటే నెట్టుకురావడం కష్టం. ఆ రెండు మూడేళ్లు ఎవరి కింద, ఎక్కడ గడిచాయన్నది తర్వాత ఇరవై ఏళ్లను నిర్ణయిస్తుంది.

ఇక్కడే చిన్న చిన్న విషయాలు బెడిసికొడతాయి. నివేదిక రాయాలంటే ఐఓ కింద కనీసం 90 రోజులు నిజంగా పనిచేసి ఉండాలి. మధ్యలో కోర్సుకు పోవడం, ఆస్పత్రిలో ఉండటం, సెలవు, అవతల ఐఓకు హఠాత్తుగా బదిలీ, వీటిలో ఏదో ఒకటి అడ్డుపడి రోజులు చాలకపోతే ఆ కాలానికి నివేదికే పుట్టదు. కమాండ్‌లో ఉన్న ఏడాదికే అలా ఖాళీ వస్తే దాన్ని పూడ్చడం చాలా కష్టం. తెలివైన ఆఫీసరు ఐఓ బదిలీ కబురు తెలిసిన రోజే రోజులు లెక్కపెట్టుకుని, సరిపోతే ఇంటెరిమ్ (మధ్యంతర) రిపోర్టు రాసి వెళ్లమని గుర్తుచేస్తాడు. అది అడుక్కోవడం కాదు, ఆయన హక్కు.

వైద్యం సంగతి కూడా చూడండి. షేప్-1 అంటారు, మనసు, వినికిడి, కాళ్లూచేతులు, శరీరం, కంటిచూపు అన్నీ బాగున్నాయని. మోకాలో వెన్నో దెబ్బతిని కేటగిరీ తగ్గితే, నివేదికలు ఎంత బాగున్నా ప్రమోషన్ చిక్కుల్లో పడొచ్చు. దెబ్బ ఎక్కడ, ఏ డ్యూటీలో తగిలిందన్న కాగితం ఆ రోజే తయారవ్వాలి.

వెల్లింగ్టన్‌లో డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ కోర్సు చేస్తే పేరు పక్కన "పీఎస్సీ" (పాస్డ్ స్టాఫ్ కాలేజ్) వస్తుంది. కర్నల్‌కు అది తప్పనిసరి కాదు, కానీ మార్కుల్లో, తర్వాత దొరికే స్టాఫ్ పోస్టుల్లో దాని విలువ దానిది.

ఇక ఖాళీల సంగతి. ఇది ఆఫీసరు చేతిలో ఏమాత్రం లేనిది. కర్నల్ వరకు ఖాళీలు విభాగాల వారీగా ఉంటాయి: ఇన్‌ఫాంట్రీకి ఇన్ని, ఆర్టిలరీకి ఇన్ని, ఇంజనీర్స్‌కు ఇన్ని. ఏ.వి. సింగ్ కమిటీ వల్ల కొత్తగా 1484 కర్నల్ పోస్టులు వచ్చాయి. వాటిని పంచేటప్పుడు 2009లో "కమాండ్ ఎగ్జిట్" అనే పద్ధతి పెట్టారు. కమాండ్ కాలం తక్కువగా ఉండే ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీల్లో కుర్చీ త్వరగా ఖాళీ అవుతుంది, కాబట్టి వాళ్లకు ఎక్కువ వాటా. మిగతా విభాగాల ఆఫీసర్లు, సైనికుల సర్వీసు కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లారు, 2015లో అక్కడ గెలిచారు. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పి.కె. చౌధురి కేసులో, ఆ విధానాన్ని నిలబెట్టింది. అయితే పోరాట సహాయక విభాగాలకు 141 అదనపు పోస్టులు ఇవ్వమంది. మీ అల్లుడి ఇంజనీర్స్ ఆ కోవలోదే. ఇదే నివేదికలతో వేరే విభాగంలో, వేరే ఏడాది బ్యాచ్‌లో ఉండి ఉంటే పేరు వచ్చేదేమో. అందుకే "పక్కింటాయన కొడుక్కి వచ్చిందే" అని పోల్చవద్దంటున్నాను. ఆయన విభాగం వేరు, బ్యాచ్ వేరు, ఖాళీలు వేరు.

మీ అల్లుడికి ముగిసిపోలేదన్నది మీరు బాగా పట్టుకోవాల్సిన మాట. ప్రతి ఆఫీసరుకూ మూడు అవకాశాలు ఉంటాయి: ఫ్రెష్, ఫస్ట్ రివ్యూ, ఫైనల్ రివ్యూ. వాళ్ల భాషలో ఫస్ట్ లుక్, సెకండ్ లుక్, థర్డ్ లుక్. ఇప్పుడు అయింది ఒకటే. రివ్యూలో వస్తే కర్నల్ అవుతాడు, అయితే తన బ్యాచ్ కంటే సీనియారిటీలో కాస్త వెనక్కి పోతాడు. మూడుసార్లూ రాకపోతే అప్పుడు "సూపర్‌సీడ్" అయినట్టు.

మరి ఈలోగా చేయాల్సింది ఏమిటి? ఎంఎస్ బ్రాంచ్ దగ్గరున్న తన వివరాలను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి: ఏ కాలానికి నివేదిక ఉంది, ఏ కాలానికి లేదు, కోర్సు గ్రేడింగ్ సరిగ్గా ఎక్కిందా, పతకం ఎక్కిందా, వైద్య కేటగిరీ ఇప్పటిదేనా. ఒక కోర్సు ఫలితం నమోదు కాకపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది, దశాంశాల పోటీలో అది చిన్నది కాదు.

ఎంపీ లెటర్ మాత్రం వద్దు. గట్టిగా చెప్తున్నాను, వద్దే వద్దు. సర్వీసు విషయాల్లో బయటి పలుకుబడి తేవడం ఆర్మీలో నిషేధం. మీరు ప్రేమతో రాయించిన లెటరు ఢిల్లీ చేరి, అక్కడి నుంచి "ఇది నీకు తెలిసే జరిగిందా?" అని ఆయన దగ్గరికే సంజాయిషీగా తిరిగొస్తుంది. పేరు కనపడని డేటా షీటు మీద నడిచే బోర్డులో సిఫారసుకు చోటూ లేదు. తిరుపతిలో ఎవరైనా "ఢిల్లీలో మనవాళ్లున్నారు, ఇంత ఖర్చవుతుంది" అంటే వాళ్లు మోసగాళ్లు, గడప తొక్కనివ్వకండి.

కేసు విషయానికి వస్తే, నేరుగా కోర్టుకు పోలేరు. ముందు ఆర్మీలోనే ఫిర్యాదు చెయ్యాలి. నాన్-స్టాట్యుటరీ ఫిర్యాదు పై అధికారుల ద్వారా ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌కు వెళ్తుంది. స్టాట్యుటరీ ఫిర్యాదు 1950 ఆర్మీ చట్టం 27వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వానికి. అది తిరస్కరిస్తేనో, ఆరు నెలలైనా జవాబు రాకపోతేనో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. తిరస్కరణ వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెయ్యాలి. ఆంధ్రకు చెన్నై బెంచ్ చూస్తుంది, మీకు చిత్తూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరే దూరం. కానీ అల్లుడు ఇప్పుడు పనిచేస్తున్న చోటును బట్టి వేరే బెంచ్ కావచ్చు, అది లాయరును అడగాలి. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టులో రిట్ వేసే దారి ఉందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది.

ఏ ఫిర్యాదు నిలబడుతుంది? ఒక నిర్దిష్టమైన నివేదికను పట్టుకున్నది. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు. ఐఓ కింద 90 రోజులు లేవు. లేదా ముందూ వెనకా అన్ని నివేదికలూ ఒకలా ఉండగా ఇదొక్కటే పడిపోయింది. మాటల్లో పొగిడి అంకె తక్కువ వేశారు, రెంటికీ పొంతన లేదు. లోపం ఉందని ఆ ఏడాదంతా ఒక్కసారైనా చెప్పకుండా తగ్గించారు. ఇలాంటివి తేదీలతో, ఆధారాలతో రాయాలి. మూసి ఉంచిన భాగం ఆఫీసరుకు కనిపించదు కాబట్టి కొంత అంచనాతోనే రాయాల్సి వస్తుంది. ట్రిబ్యునల్ మాత్రం అసలు డోసియర్ (నివేదికలన్నీ ఉన్న ఫైలు) తెప్పించుకుని తానే చూస్తుంది. "నేను కష్టపడ్డాను, నా జూనియర్‌కు వచ్చింది" అని రాసిన ఫిర్యాదు నిలబడదు. ఎవరు ఎక్కువ యోగ్యుడని ట్రిబ్యునల్ తూకం వెయ్యదు, పద్ధతి తప్పిందా లేదా అన్నదే చూస్తుంది. తప్పుబట్టిన నివేదికను తీసేస్తే, మారిన ప్రొఫైల్‌తో స్పెషల్ బోర్డు పెడతారు. అందులో వస్తే పాత సీనియారిటీ పోదు. ఫిర్యాదు నెగ్గినంత మాత్రాన ప్రమోషన్ రాదు, మళ్లీ పోల్చి చూడటానికి దారి మాత్రం తెరుచుకుంటుంది.

నివేదికలు ఎలా రాశారన్నది ఎంత ముఖ్యమో చూపించే తీర్పు ఒకటుంది. 2021 మార్చిలో నితీషా కేసులో మహిళా ఆఫీసర్ల పర్మినెంట్ కమిషన్ (రిటైర్మెంట్ వయసు దాకా సర్వీసులో ఉండే నియామకం) గురించి సుప్రీంకోర్టు ఏమందంటే, వాళ్లకు పర్మినెంట్ కమిషన్ వస్తుందని ఎవరూ అనుకోని రోజుల్లో నివేదికలు నిర్లక్ష్యంగా రాశారు, ఇప్పుడు వాటితోనే పోల్చడం అన్యాయం అని. మీ అమ్మాయికి ఇది చెప్పండి. కాగితం మీద తక్కువ పడటానికి మనిషి తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు.

ఎంత పైకి పోయినా ఈ బాధ తప్పదు. మన తెలుగువారు జనరల్ కె.వి. కృష్ణారావు 1983లో చీఫ్‌గా దిగిపోయినప్పుడు సీనియారిటీ ప్రకారం లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హా వస్తారనుకున్నారు. ప్రభుత్వం ఎ.ఎస్. వైద్యను చేసింది. సిన్హా రాజీనామా చేశారు. 2016లో ఇద్దరు సీనియర్లను దాటించి బిపిన్ రావత్‌ను చీఫ్‌ని చేసినప్పుడు మాత్రం ఆ ఇద్దరూ సర్వీసులో కొనసాగారు. రెండూ గౌరవమైన దారులే.

చివరిగా డబ్బు లెక్క, మీరు అడగలేదు గానీ అమ్మాయి మనసులో ఉండే ఉంటుంది. ఏడో పే కమిషన్‌లో లెఫ్టినెంట్ కర్నల్ లెవెల్ 12ఎ, మొదలు 1,21,200. కర్నల్ లెవెల్ 13, మొదలు 1,30,600. మిలిటరీ సర్వీస్ పే 15,500 ఇద్దరికీ ఒకటే. మూడు లుక్‌లూ పోయినా 26 ఏళ్ల సర్వీసుకు "కర్నల్ టైమ్ స్కేల్" వస్తుంది. భుజం మీద అదే ర్యాంకు, జీతం అదే లెవెల్ 13. రిటైర్మెంట్ వయసు కర్నల్‌కూ, లెఫ్టినెంట్ కర్నల్‌కూ 54. బ్రిగేడియర్‌కు 56. కోల్పోయేది ముఖ్యంగా ఒక యూనిట్‌ను తన పేరున నడిపే అవకాశం. సైనికుడికి అది చాలా పెద్ద నష్టం, నేను తక్కువ చెయ్యను. ఇల్లు గడవడం, పిల్లల చదువులు మాత్రం ఆగిపోవు.

కోపంలో ముందస్తు రిటైర్మెంట్ కాగితం పెడతానంటే ఆపండి. ఆఫీసరు పెన్షన్‌కు 20 ఏళ్ల సర్వీసు కావాలి. పైగా 2015 నవంబరు 7 నాటి ఉత్తర్వు ప్రకారం, ఆ తర్వాత తన కోరిక మీద సర్వీసు వదిలినవాళ్లకు వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకుకు, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్) లేదన్నారు. దాని మీద వ్యాజ్యాలు నడిచాయి కాబట్టి కాగితం పెట్టే రోజున ఉన్న స్థితిని పెన్షన్ వ్యవహారాలు తెలిసినవాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. నిజంగానే బయటికి రావాలనుకుంటే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ వాళ్లు ఐఐఎంల వంటి చోట్ల ఆఫీసర్లకు 24 వారాల మేనేజ్‌మెంట్ కోర్సులు నడుపుతారు. వాటికి సర్వీసులో ఉండగానే దరఖాస్తు పెట్టుకోవాలి. అదంతా మూడో లుక్ అయ్యాక తీరిగ్గా ఆలోచించవచ్చు. ఇప్పుడు మాత్రం ఆయన సెలవు పెట్టి ఇంటికి వస్తే బోర్డు మాట మీరుగా ఎత్తకండి, ఆయనే ఎత్తితే వినండి. తిరిగి యూనిట్‌కు వెళ్లాక మొదట చూసుకోవాల్సింది ఈ ఏడాది నివేదికకు 90 రోజులు ఏ తేదీకి నిండుతాయన్నది.